ఎదురుకాళ్ళ పిల్ల

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. లోకంలో పిల్లలందరూ బుద్ధిగా తల ముందు పెట్టి వస్తే, నేను మాత్రం ముందు ఓ తన్ను తన్ని, ఆ తరవాత మొహం చూపించానని మా నాయనమ్మ మంగాయమ్మ చెప్పేది. ఆ రోజు మా అమ్మ చచ్చి బతికింది. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఊరికి కావలసింది నా కాళ్ళు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా వైపు నమ్మకం. మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో అలా పుట్టినదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే. ఊడ్పుల రోజుల్లో మా అరుగు చూడాలి! చేలో వంగి వంగి నడుం పోయిన ఆడవాళ్ళు, కొబ్బరి దింపులవాళ్ళు, ధాన్యం బస్తాలు మోసేవాళ్ళు, అందరూ నాకోసం కాచుకుని కూచునేవారు. పరగడుపునే రావాలి. తాటాకు చాప మీద బోర్లా పడుకోవాలి. నేను కాలు కడుక్కొచ్చి నడుం మీద మూడుసార్లు ఆనించాలి. తన్నడం అని పేరే గానీ, నిజంగా తంతే నాయనమ్మ నా వీపు మీద ఒకటిచ్చేది. డబ్బు తీసుకుంటే కాలిలో గుణం పోతుంది, అరటిపండో బెల్లంముక్కో అయితే పరవాలేదు. నాకు ఒళ్ళుమండిపోయే నియమం ఆఖరిది. పెద్దవాళ్ళకి కాలు తగిలించాను కాబట్టి, అయిపోయాక వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. పాచిమొహంతో, జడ కూడా వేసుకోకుండా, ఊరందరినీ తన్ని ఊరందరికీ దణ్ణాలు పెట్టిన పిల్లని నేను.

పేరు చెప్పలేదు కదూ. పెద్దింట్లమ్మ. అమ్మవారు దక్కించిన పిల్లని అమ్మవారి పేరే పెట్టేశారు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు అలవాటే.

శీను బావది తాటిపాక. మా మేనత్త కొడుకు. అసలు పేరు దుర్గాశ్రీనివాస్. నాకన్నా కాస్త పెద్ద. ఆదివారం వచ్చిందంటే తెల్లారేసరికి సైకిల్ బెల్లు గణగణలాడించుకుంటూ మా గుమ్మంలో దిగేవాడు.

"అమ్మమ్మా, నడుం పట్టేసిందే."

"ఏరా, నీ వయసెంత, నీకు నడుమేట్రా? ఏ కొండలు మోసేవు?" అనేది నాయనమ్మ.

"కాయల బుట్టలు ఎత్తేనే. నీ ఒట్టు."

ఆ ఒట్టుకి నాయనమ్మ ఎన్నిసార్లు పోవాలో లెక్కే లేదు. చాప మీద పడుకునేవాడు. నేను కాలు ఆనించేదాన్ని. ఇక్కడో సంగతి చెప్పాలి. నిజంగా పట్టేసిన నడుం కాలి కింద చెక్కలా ఉంటుంది. పసిదాన్నయినా నా అరికాలికి ఆ తేడా తెలుసు. బావ నడుం నానిన పిండిలా మెత్తగా ఉండేది.

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. దొంగ నడుం!" అని అరిచేదాన్ని.

"అరిస్తే అరిచేవుగానీ దణ్ణం పెట్టవే డాక్టరూ," అని రెండు కాళ్ళూ జమీందారులా చాపేవాడు. నేను వంగి బొటనవేలు పట్టుకుని గట్టిగా గిల్లేదాన్ని. బావ కెవ్వుమనేవాడు. నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. "ఈడిది నడుం నొప్పి కాదర్రా, ఏరే నొప్పి," అనేది. ఆ వేరే నొప్పేమిటో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. తెలిశాక అరవడం మానేశాను. "నొప్పుందే?" అని నాయనమ్మ అడిగితే తల వంచుకుని, "ఉంది నాయనమ్మా, ఇంకా ఉంది," అనడం మొదలుపెట్టాను. ఉందంటే వచ్చే ఆదివారం మళ్ళీ రావచ్చు కదా. అంత అమాయకపు దొంగతనం నా జన్మలో మళ్ళీ చెయ్యలేదు.

బావ కబడ్డీలో దిగాడు. మా కొబ్బరితోటల్లో చెడుగుడు ఆడని మగపిల్లాడుండడు. కానీ బావ కూతకి వెళ్తే అదో వేరే ఆట. నేలకి ఆనేంత వంగి, పామల్లే మెలి తిరిగి, చెయ్యి చాపి తాకి, గీత దాటి వచ్చేసేవాడు. రాజోలు, కొత్తపేట, పలివెల, ఎక్కడ పందెమున్నా పిలుపు వచ్చేది. ఏ ఊరు వెళ్తున్నా ముందు మా ఇంటికి రావడం, చాప మీద పడుకోవడం, నేను కాలు ఆనించడం. అది లేకపోతే కాలు కదలదనేవాడు. నాకు మాత్రం కదులుతుందా ఏం? తిరిగి వచ్చేదాకా అన్నం సయించేది కాదు.

నాన్న సత్తిబాబు గారు మంచి రైతే, మంచివారే, కానీ మాట ముక్కుసూటి. అత్త ఒకరోజు సరదాగా పెళ్ళి మాట ఎత్తితే, "చెడుగుడు ఆడేవోడికి పిల్లనెలాగిస్తానే అక్కా? కూత పెడితే కూడొస్తదా? ఏదో ఉజ్జోగం తెచ్చుకోమను, అప్పుడు చూద్దాం," అనేశారు. ఆట బాగా ఆడేవాళ్ళకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలిస్తారని బావ ఎక్కడో విన్నాడు. అంతే, ఆ రోజునించీ ఉద్యోగం, ఆట, నేను, మూడూ ఒకే ముడి అయిపోయాయి.

తొంభయ్యెనిమిదిలో నాకు ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు చూసి నాన్న డాక్టరు ఆశ వదిలేసుకున్నారు. ఫిజియోథెరపీలో సీటు వచ్చింది, విశాఖపట్నంలో. ఆ పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. "కాళ్ళు పిసికే చదువటగా? దానికి ఇశాపట్నం ఎందుకే, నా కాళ్ళు ఇక్కడే ఉన్నాయిగా," అంది నాయనమ్మ. నాకు మాత్రం ఆ చదువులో చివర ఒక కొమ్మ ఉందని తెలిసింది. ఆటగాళ్ళకి దెబ్బలు తగిలితే చూసే ఫిజియోలకి యూనివర్సిటీలో వేరే శిక్షణ, వేరే సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఉంటే జట్టుతోపాటు వెళ్ళవచ్చు, గీత పక్కన బెంచీ మీద కూచోవచ్చు. ఆ మాట విన్న రోజే నిర్ణయించుకున్నాను. నేను ఎవరి బెంచీ మీద కూచోవాలో వేరే చెప్పాలా?

బావ ఆదివారాలు తాటిపాక ఎస్టీడీ బూత్ నించి హాస్టల్‌కి ఫోన్ చేసేవాడు.

"ఫిజియో అంటే టీముతోపాటు రైలెక్కుతారటగా?"

"ఎక్కుతారు."

"అయితే నా పక్క బెర్తే."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. ముందు ఆట చూసుకో," అని పెట్టేసేదాన్ని. పెట్టేసి ఆ ఫోన్ దగ్గరే కాసేపు నిలబడేదాన్ని. వెనక వరసలో అమ్మాయిలు తిట్టేవారు. ఆ నాలుగైదేళ్ళూ నేను విశాఖపట్నంలో ఉన్నానన్న మాటే గానీ, నా ప్రాణం మా అరుగు మీద చాప దగ్గరే ఉండేది. సముద్రం ఎంత బాగుంటే నాకేం, సైకిల్ బెల్లు వినపడదు కదా.

లలితా మేడమ్ మాకు ఆటల వైద్యం నేర్పేవారు. ఆవిడది కొత్తపేట వైపు వేదపండితుల కుటుంబం. వాళ్ళ నాన్నగారు శిష్యుల చేత వేదపనసలు చెప్పించినట్టే మేడమ్ మాచేత కండరాల పేర్లు వల్లె వేయించేవారు. ఒక్క పేరు తప్పినా మొదటికి రావాలి. ఇంకో పరీక్ష ఉండేది. కళ్ళకి గంతలు కట్టుకుని, ఎదుటి మనిషి వీపు మీద వేళ్ళతో తడుముతూ, ఏ పూస ఎక్కడుందో, ఏ కండ బిగిసిందో చెప్పాలి. అందులో నేను ప్రతిసారీ తప్పేదాన్ని. "నీ వేళ్ళకి తొందరెక్కువ పెద్దింట్లమ్మా," అనేవారు మేడమ్.

ఒకరోజు మేడమ్ బయటికి వెళ్ళిన సమయం చూసి, విసుగొచ్చి, చెప్పు విడిచేసి బల్ల ఎక్కి సాయిదుర్గ వీపు మీద కాలు ఆనించాను. సాయిదుర్గ నా పక్క మంచం పిల్ల. "ఇదిగో, కింది పూసల పక్కన, కుడివైపు. నిన్న బకెట్లు మోశావు కదూ?" అన్నాను. అది కళ్ళు తేలేసింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మేడమ్. నా పని అయిపోయింది, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. జరిగిందంతా చెప్పించుకుని ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు.

"కాలికి తెలిసింది చేతికి నేర్పించు. గ్రౌండులో నువ్వు అందరినీ తొక్కుతూ తిరగలేవు," అన్నారు. తరవాత ఇంకో మాట చెప్పారు. "ఆటగాడు లేదంటాడు, కోచ్ లేదనమంటాడు. నొప్పి ఉంటే ఉందని చెప్పు, లేకపోతే లేదని చెప్పు. ఫిజియోకి అంతకు మించి ధర్మం లేదు."

ఆ మాట పుస్తకంలో రాసుకోలేదు గానీ, నా నెత్తి మీద రాసేశారు ఆవిడ. అప్పటినించీ కళ్ళు మూసుకుని, అరికాలి కింద ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ వేళ్ళు పెట్టేదాన్ని. ఎవరి వీపయితేనేం, నేను వెతుక్కునేది ఒక్క నడుమే. మెల్లగా వేళ్ళకి కళ్ళు వచ్చాయి.

రెండువేల మూడు చలికాలంలో నా శిక్షణలో ఆఖరి పరీక్ష వచ్చింది. నిజమైన పోటీలో, గీత పక్కన, మేడమ్ కూచుని చూస్తుండగా ఆటగాళ్ళని చూడాలి. ఆ పోటీలు ఎక్కడ పడ్డాయో చెప్పనా? అమలాపురంలో. జిల్లా కబడ్డీ. అందులో మెరిసినవాళ్ళని స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి ఎంచుకునే పెద్దమనుషులు వచ్చి చూస్తారట. వయసు లెక్కన బావకి అదే ఆఖరి అవకాశం. నాన్న కూడా మెత్తబడి, "ఈసారి వచ్చిందంటే ముహూర్తం పెట్టించేద్దాం," అన్నారట. అత్త నాకు చీర కూడా కొనేసిందని నాయనమ్మ చెవిలో ఊదింది.

నేను బస్సు దిగేసరికి నా ఒంట్లో రక్తం కాదు, కొబ్బరినీళ్ళు ఉన్నంత చల్లగా హాయిగా ఉంది. నీలం ట్రాక్‌సూటు వేసుకున్నాను. ఐసు కోసం ఊరంతా తిరిగితే చివరికి రొయ్యల ఐసు దొరికింది. డబ్బా నిండా అదే నింపాను.

"ఏటండీ ఇది, నా మోకాలు రొయ్యల ఇగురు కంపు కొడతంది," అన్నాడొక ఆటగాడు.

"నోరు మూసుకుని పెట్టుకో. ఇంకా మాటాడితే ఉల్లిపాయలు కూడా వేస్తాను."

దూరాన కుర్చీలో మేడమ్ పెదాల మీద నవ్వు కనిపించింది. పరీక్ష బాగానే జరుగుతోందనుకున్నాను.

ఆటకి ముందు బావ షామియానా వెనక్కి వచ్చాడు. ఎర్ర బనీను. పొద్దున్నే తలంటు పోసుకున్న జుట్టు. నన్ను ట్రాక్‌సూటులో చూసి ఈలేశాడు.

"అబ్బో, డాక్టరు! చాప వెయ్యవే."

"ఇక్కడ చాపేంటి బావా, మేడమ్ చూస్తే నా సర్టిఫికెట్ గోదాట్లో కలుస్తుంది."

"మూడుసార్లు. అంతేగా. ఇంకా ఏం తినలేదు కూడా, ఆయ్," అన్నాడు మా అరుగు మీదకి వచ్చేవాళ్ళలాగా చేతులు కట్టుకుని. నాకు నవ్వాగలేదు. అటూ ఇటూ చూసి గోనెసంచులు పరిచాను. బూటు విప్పి, సీసాలో నీళ్ళతో కాలు కడుక్కున్నాను. ఎన్నాళ్ళయిందో! ఆ నడుం మీద కాలు ఆనించే క్షణం కోసం నేను అయిదేళ్ళు చదివానేమో అనిపించింది.

నవ్వుతూనే కాలు ఆనించాను. నవ్వు ఆగిపోయింది.

కాలి కింద చెక్క. కింది పూసల దగ్గర ఎడమవైపు మడమ తగలగానే బావ ఒళ్ళంతా ఎగిరిపడింది.

"ఎన్నాళ్ళనించి?"

"ఏది?"

"నా దగ్గర నాటకాలాడకు బావా."

"ఊడ్పులప్పటినించి. ఏముందే, నీ కాలు పడిందిగా, పోద్ది."

లేవమన్నాను. ఎడమకాలి మీద ఒంటికాలితో నిలబెట్టి వెనక్కి వంగమన్నాను. వంగుతూ నవ్వబోయాడు, పెదాలు తెల్లబడ్డాయి. బొటనవేలితో ఆ పూస మీద నొక్కాను. పళ్ళు కొరుక్కున్నాడు. అలా అతిగా వంగే కుర్రాళ్ళ వెన్నుపూసకి సన్నగా పగులు వస్తుందని, ఆ పగులుతో ఆడితే పూస జారే ప్రమాదముందని మేడమ్ మాకు వల్లె వేయించారు. ఆ పనస నాకు ఒక్క అక్షరం తప్పకుండా గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందిరా భగవంతుడా అనుకున్నాను.

"నువ్వు ఈ ఆట ఆడకూడదు. ముందు ఎక్స్‌రే తీయించాలి."

నేనేదో వేళాకోళమాడుతున్నానని నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

"మావయ్య ఏమన్నారో మర్చిపోయేవా?"

"మర్చిపోలేదు."

"నా వయసు?"

"తెలుసు."

"మరి?"

మైకులో జట్ల పేర్లు పిలుస్తున్నారు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకూ ఎప్పుడూ పట్టుకోలేదు.

"మా కోచ్ సుబ్బరాజు గారు నిన్నడుగుతారు. లేదని చెప్పవే. చిన్నప్పుడు నాకోసం లేని నొప్పి ఉందనేదానివి. ఇవ్వాళ ఉన్న నొప్పి లేదను. ఒక్క ఆట, అంతే. ఇదంతా మనకోసమేగా."

"నడుం పడిపోతే?"

"పడిపోతే నువ్వున్నావుగా."

ఎంత నమ్మకంగా అన్నాడో! నాకు వెంటనే అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. అవును, నేనున్నాను. జీవితాంతం చాకిరీ చేస్తాను, ఎత్తి కూచోబెడతాను, అన్నీ చేస్తాను. ఒక్క మాట, 'లేదు' అనే రెండక్షరాలు, అంటే చాలు, చీర, ముహూర్తం, పక్క బెర్తు, అన్నీ నావే. అనెయ్యి అని నా మనసు మొత్తుకుంది. అదే సమయంలో కళ్ళ ముందు ఇంకోటి కనిపించింది. బావ కూతకి వెళ్తాడు, వంగుతాడు, నలుగురు కాళ్ళూ నడుమూ పట్టి మీద పడతారు. ఆ పగులు మీద నలుగురు మనుషులు. బావ జన్మలో లేచి మా గుమ్మంలోకి నడిచి రాకపోతే నాకు ఆ ముహూర్తమెందుకు?

షామియానా బయట కోచ్ సుబ్బరాజు గారు కంగారుగా తిరుగుతున్నారు. "ఏటమ్మా, మా శీనుకి ఏవన్నా నొప్పుందా?" అన్నారు, లేదండి అంటే వెళ్ళిపోయేలా.

"ఉందండి," అన్నాను.

"ఆడలేనంతా?"

"ఆడకూడనంతండి."

"అదేటమ్మా! ఆడు లేకపోతే నాకు టీమే లేదు. ఏదో పట్టీ వేసెయ్యమ్మా, నీకు పుణ్యముంటాది. తిప్పలు నేను పడతాను కదమ్మా," అని బతిమాలారు, కోప్పడ్డారు, మళ్ళీ బతిమాలారు. కేకలకి మేడమ్ లేచి వచ్చారు. నన్నొక్కటే అడిగారు, "చెయ్యి చెప్పిందా?"

"కాలు ముందు చెప్పిందండి. చెయ్యి ఒప్పుకుంది."

మేడమ్ సుబ్బరాజు గారి వైపు తిరిగి, "ఆ అబ్బాయిని ఆడించకండి," అన్నారు. అంతే. బావ ఇదంతా షామియానా గుంజ దగ్గర నిలబడి విన్నాడు. బనీను విప్పి, మడతపెట్టి, బెంచీ మీద, నేను కూచునే చోట పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ ఆట మొత్తం ఆ ఎర్ర బనీను పక్కనే కూచుని చూశాను. బెణికిన వేళ్ళకి పట్టీలు కట్టాను, గీరుకున్న మోచేతులు కడిగాను. చివరికి మేడమ్ భుజం తట్టి, పాసయ్యావన్నారు. నేను భోరుమన్నాను. ఆవిడ ఏమనుకున్నారో తెలియదు, కాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

ఎక్స్‌రేలో పగులు కనిపించింది. ఆడి ఉంటే పూస జారిపోయి ఉండేదని డాక్టరు గారే అత్తకి చెప్పారు. అయినా కన్నతల్లి కడుపుమంట ఎక్స్‌రేలతో ఆరుతుందా? "ఊరందరి నొప్పులూ తన్నింది, నా కొడుకు నోటికాడ కూడూ తన్నేసింది," అని వీధిలో నిలబడి అంది. బావ కొన్ని నెలలు బెల్టు పెట్టుకుని మంచం మీద ఉన్నాడు. నడుముకి ఏం వ్యాయామాలు చెయ్యాలో చెబుదామని తాటిపాక వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నేను నీ కాలడిగేను. నువ్వు చదువు చూపించేవు. ఇంక ఎల్లు," అన్నాడు.

వ్యాయామాలు రాజోలులో ఇంకొకరి దగ్గర నేర్చుకున్నాడట. నడుం బాగుపడింది. వయసు మాత్రం దాటిపోయింది. ఆ తరవాత గ్యాస్ పనుల కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి నేను వెళ్ళలేదు. అప్పటికి ఓ కబడ్డీ జట్టుకి ఫిజియోని, వాళ్ళతో కటక్‌లో ఉన్నాను. రైల్లో నా పక్క బెర్తు మీద ఐసు డబ్బా ఉంది.

నేను తప్పు చేశానా అంటే, లేదు. చచ్చినా లేదు. మళ్ళీ అదే షామియానా కింద నిలబెట్టినా ఉందనే చెబుతాను. కానీ తప్పు చెయ్యనంత మాత్రాన మనసు ఊరుకోదు కదా. ఎంతమంది ఆటగాళ్ళ నడుములు నా చేతి కిందికి వచ్చాయో, ప్రతి నడుమూ, నేను మీ బావది కాదనే నాకు చెప్పేది. నాన్న తెచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టాను. ఒకాయన ముక్కు బాగాలేదన్నాను, పాపం మంచి ముక్కే.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. పొద్దున్నే అరుగు మీద కాఫీ తాగుతుంటే వీధిలో మోటారుసైకిల్ ఆగింది. బావ. వెనక సీటులోంచి ఒక అమ్మాయి దిగింది. గుండ్రటి మొహం, కలుపుగోలు నవ్వు. దివ్య అంటే ఈమే అన్నమాట.

"అక్కా, మీరొచ్చేరని తెలిసి తీసుకొచ్చేనండి," అంది ఎన్నాళ్ళో ఎరిగినట్టు. "మూడు రోజులనించి ఈయనకి నడుం పట్టేసిందక్కా. డాక్టరు దగ్గరికి ఎల్దామంటే ఒద్దంటారు, మాత్రలు ఒద్దంటారు. మా పెద్దింట్లు కాలేస్తే చాలంటారు. మీరు పెద్ద చదువు చదివేరు, ఇలాంటివి చేస్తారో చెయ్యరో అని నేనే భయపడ్డాను."

అక్కట! ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. బావ నన్ను చూడకుండా చెప్పులు విప్పుకుంటున్నాడు. చెవుల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు. నాయనమ్మకి చూపు ఆనడం మానేసి చాలా రోజులైంది, అయినా గొంతు గుర్తుపట్టి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి ఆ తాటాకు చాప తెచ్చి పరిచింది.

"ఏమన్నా తిన్నావా?" అన్నాను. అయిదేళ్ళ తరవాత బావతో నా మొదటి మాట అది.

"లేదు. పరగడుపునే," అన్నాడు.

చాప మీద బోర్లా పడుకున్నాడు. నేను నూతి దగ్గరికి వెళ్ళి కాలు కడుక్కొచ్చాను. కాలితో నడుములు బాగుపడవని చదువుకుని యూనివర్సిటీ సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషిని నేను. కాలు ఎత్తి బావ నడుం మీద ఆనించాను.

మెత్తగా ఉంది. నానిన పిండిలా. ఎడమవైపు, ఆ పూస దగ్గర మడమతో మెల్లగా నొక్కి చూశాను. పగులు ఎప్పుడో అతుక్కుపోయింది. బిగుతు లేదు, ఉలుకు లేదు. ఆ నడుంలో ఏ నొప్పీ లేదు. బావ ఊపిరి బిగబట్టి, మొహం చాపలో దాచుకుని, కాయల బుట్టలు ఎత్తానని ఒట్టేసిన రోజుల్లోలాగే కదలకుండా పడుకున్నాడు.

రెండోసారి ఆనించాను. మూడోసారి ఆనించి, తియ్యడానికి కొంచెం ఆలస్యం చేశాను. తరవాత నియమం ప్రకారం దణ్ణం పెట్టడానికి కాళ్ళ దగ్గరికి వంగాను. బావ రెండు కాళ్ళూ గబుక్కున ముడుచుకున్నాడు.

దివ్య నా పక్కకి వచ్చి నిలబడింది. "ఎలాగుందక్కా? నొప్పి పోయిందా?" అని ఆదుర్దాగా అడిగింది.

"ఉందమ్మా," అన్నాను. "ఇంకా ఉంది."